ఇంట్లో కట్టుకునే విమానంలో కారు ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్: సేఫ్టీ వైర్ కట్టాలా, కడితే ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జెనిత్ సీహెచ్ 750 అనే చిన్న విమానం కడుతున్నారు, దానికి సుబారు ఈజే22 ఇంజిన్ పెడుతున్నారు. ఎగ్జాస్ట్ పైపులు ఫిల్టర్‌కు మరీ దగ్గరగా ఉన్నాయని ఫిల్టర్‌ను ఇంజిన్ మీంచి తీసి, కార్ల సామాన్ల షాపులో దొరికే రిమోట్ మౌంట్ (ఫిల్టర్‌ను ఇంజిన్‌కు దూరంగా పెట్టి పైపులతో కలిపే దిమ్మ) ఒకటి కొని ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ మీద పెట్టారు. మీ ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) చాప్టర్‌లో ఒకరు సేఫ్టీ వైర్, అంటే ఫిల్టర్ వెనక్కి తిరిగి వదులవకుండా కట్టే సన్నని తీగ, లేకుండా ఎగరొద్దన్నారు. ఇంకొకరు ఇన్ని కార్లు ఏ వైరూ లేకుండా తిరుగుతున్నాయి కదా అన్నారు. ఫిల్టర్ డబ్బా చివర నట్టు వెల్డ్ చేసి దానికి వైరు కట్టొచ్చా అని మీరు అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. వైరు కట్టండి. నట్టు వెల్డ్ చేయొద్దు. డబ్బాకు హోస్ క్లాంప్ (స్క్రూతో బిగించే స్టీలు పట్టీ) బిగించి, ఆ క్లాంప్‌కు వైరు కట్టండి. అయితే మీరు రాసినదాంట్లో నాకు అసలు టెన్షన్ పెట్టింది వైరు సంగతి కాదు, ఆ రిమోట్ మౌంట్. అందుకే దాని గురించి ముందు మాట్లాడతాను. వైరు తర్వాత.

సుబారు ఈజే ఇంజిన్లకు వచ్చే ఫిల్టర్ మర 20 మిల్లీమీటర్లు, పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) 1.5. ఇక్కడ అమెరికాలో షాపుల్లో దొరికే యూనివర్సల్ రిమోట్ మౌంట్లు చాలావరకు ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్ల మరతో వస్తాయి. ఫోర్డ్, టొయోటా ఫిల్టర్లలో ఎక్కువ భాగం ఆ కొలతే. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. అంటే సుబారు ఫిల్టర్‌ను ఆ మౌంట్ పోస్టు (ఫిల్టర్ ఎక్కే మర గొట్టం) మీద పెడితే ఎక్కుతుంది. తిరుగుతుంది, రబ్బరు ఆనుతుంది, కాస్త బిగుతుగా కూడా అనిపిస్తుంది. కానీ లోపల మర మరను పట్టుకోవాల్సినంత పట్టుకోదు. సరైన జోడీలో ఒక్కో పక్క సుమారు 0.8 మిల్లీమీటర్ల లోతు పట్టు ఉంటుంది. ఈ తప్పుడు జోడీలో అది 0.3 దగ్గర ఆగిపోతుంది. పైగా పిచ్‌లు కూడా వేరు, ఒకటి 1.5, ఇంకొకటి 1.59. అందువల్ల ఉన్న ఆ కాస్త పట్టు కూడా అన్ని చుట్ల మీదా సమానంగా పడదు.

దాని మీద పడే బలం ఎంతో లెక్క వేసి చూడండి. రబ్బరు రింగు వ్యాసం 60 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆయిల్ ప్రెషర్ 70 పీఎస్ఐ ఉంటే ఫిల్టర్‌ను మౌంట్ నుంచి బయటికి నెట్టే బలం సుమారు 140 కిలోలు. చలికాలం పొద్దున ఆయిల్ గట్టిగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి థ్రాటిల్ తోస్తే ప్రెషర్ 120 దాకా పోయిందనుకోండి, అప్పుడది 240 కిలోలు. ఆ బరువంతా మోసేది ఆ నాలుగైదు చుట్ల మర ఒక్కటే. తప్పుడు మర మీద ఎక్కించిన ఫిల్టర్ గ్రౌండ్ రన్‌లో బాగానే ఉండి, పైకి వెళ్లాక ఒక్కసారిగా ఎగిరిపోవచ్చు. దాన్ని ఏ వైరూ ఆపలేదు. ఫిల్టర్ తిరిగి ఊడిపోవడం కాదు అక్కడ జరిగేది, నిలువుగా లాక్కుని వచ్చేయడం.

కాబట్టి ఈ రోజే ఒక వెర్నియర్ కాలిపర్ తీసుకుని మౌంట్ పోస్టు బయటి కొలత చూడండి. 19 లోపే వస్తే అది ముప్పావు అంగుళం పోస్టు. 19.7 నుంచి 20 మధ్య వస్తే 20 మిల్లీమీటర్ల పోస్టు. ఏది వస్తే ఆ మరకు సరిపోయే ఫిల్టరే వాడాలి. లేదా పోస్టు మార్చాలి, కొన్ని మౌంట్లకు పోస్టు విడిగా దొరుకుతుంది. తేల్చేశాక ఫిల్టర్ పార్ట్ నంబరు మౌంట్ మీదే పెయింట్ పెన్నుతో రాసిపెట్టండి. రెండేళ్ల తర్వాత ఇంకెవరో మీకు సాయంగా ఆయిల్ మార్చేటప్పుడు "సుబారు ఇంజిన్ కదా" అని సుబారు ఫిల్టర్ తెస్తారు. దీనికి తిరగేసిన జోడీ, అంటే 20 మిల్లీమీటర్ల పోస్టు మీద ముప్పావు అంగుళం ఫిల్టర్, అసలు ఎక్కదు, కాబట్టి దానితో భయం లేదు. ప్రమాదమంతా తేలిగ్గా ఎక్కేదానితోనే.

మర సరిపోయింది కదా అని ఆగకండి. రబ్బరు రింగు మౌంట్ మీద చదునుగా చెక్కిన భాగంలోనే పూర్తిగా ఆనుతోందో లేదో చూడండి. రింగుకు కొంచెం మార్కర్ ఇంకు రాసి, చేత్తో ఆనేదాకా తిప్పి తీస్తే మౌంట్ మీద అచ్చు పడుతుంది. ఆ గుండ్రం ఎక్కడా తెగకుండా, అంచు దాటకుండా ఉండాలి. తర్వాత ఆ ఇంకు శుభ్రంగా తుడిచేయండి.

ఇంకో విషయం బైపాస్ వాల్వు. ఫిల్టర్ మూసుకుపోయినా, ఆయిల్ చలికి గట్టిపడినా, ఇంజిన్‌కు ఆయిల్ ఆగకుండా పక్కదారిలో పంపేది అదే. కొన్ని ఇంజిన్లలో అది బ్లాకులో ఉంటుంది, కొన్నింటికి ఫిల్టర్‌లోనే ఉంటుంది. ఫిల్టర్ బ్రాండ్ మార్చేముందు మీ సెటప్‌లో అది ఎక్కడుందో తేల్చుకోండి. ఎక్కడా లేకుండా పోవడం ఎంతమాత్రం మంచిది కాదు. "విమానాల ఫిల్టరే వేసేస్తే పోలా" అని చాలామంది అంటారు. లైకమింగ్, కాంటినెంటల్ ఇంజిన్లకు వచ్చే ఛాంపియన్, టెంపెస్ట్ ఫిల్టర్లు బలమైన డబ్బాతో వస్తాయి. చివర షడ్భుజి నట్టు, వైరు దూర్చడానికి రంధ్రాలు కూడా ఉంటాయి. మంచి వస్తువులే. కానీ మర, రింగు వ్యాసం, బైపాస్, ఇంజిన్ ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే వాల్వు, ఈ నాలుగూ మీ ఇంజిన్‌కు సరిపోతేనే అవి మంచివి. అవి సరిపోయేలా మౌంట్‌నే మార్చుకుంటే సంతోషం. లేకపోతే మంచి కంపెనీ కారు ఫిల్టర్ ఏమీ తక్కువ కాదు.

ఇప్పుడు మీ చాప్టర్‌లో ఆ రెండో ఆయన మాటకు వద్దాం. ఆయన చెప్పింది తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. రోటాక్స్ 912 ఇంజిన్ విమానాల కోసమే పుట్టింది. దాని ఫిల్టర్‌కు సేఫ్టీ వైర్ ఏర్పాటు లేదు. రబ్బరు ఆనాక చేత్తో 270 డిగ్రీలు, అంటే ముప్పావు చుట్టు తిప్పమని చెబుతారు, అంతే. ఆ ఇంజిన్లు ప్రపంచమంతా ఎగురుతున్నాయి. అంటే సరైన ఫిల్టర్‌ను సరిగ్గా బిగిస్తే అది దానంతటది తిరిగి ఊడిపోయేది కాదు. ఇది నిజం.

మరి వైరు ఎందుకు? కారు హైవే మీద పోయేటప్పుడు ఇంజిన్ తన బలంలో కొద్ది భాగమే ఖర్చు చేస్తుంది. అదే ఇంజిన్ విమానంలో గంటల తరబడి 4,000 పైన ఆర్‌పీఎంలో, మూడు వంతుల బలంతో నడుస్తుంది. దానికి గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ తోడై వేరే రకం వైబ్రేషన్ ఇస్తాయి. కౌలింగ్ (విమానం ఇంజిన్ మీద మూత) లోపల వేడి కారు బానెట్ కింద కంటే ఎక్కువ. వేడికి రబ్బరు గట్టిపడి, నొక్కుకుపోయి, తిరిగి పొంగడం మానేస్తుంది. ఫిల్టర్ తిరగకుండా పట్టుకునేది రబ్బరు ఒత్తిడి వల్ల వచ్చే రాపిడే కాబట్టి, రబ్బరు చచ్చుబడిన కొద్దీ ఆ పట్టు తగ్గుతుంది. ఇది ఒక సంగతి. రెండోది ఇంకా ముఖ్యం. కారులో ఎర్ర లైటు వెలిగితే పక్కన ఆపుతారు. విమానంలో ఆపడానికి పక్క లేదు. క్రూయిజ్‌లో మీ ఆయిల్ పంపు నిమిషానికి పదుల లీటర్లు తోడుతుంది, సంపులో ఉండేది నాలుగు లీటర్ల చిల్లర. ఫిల్టర్ దగ్గర దారి తెరుచుకుంటే సంపు ఖాళీ అవడానికి నిమిషం కూడా అక్కర్లేదు. పైగా ఆ ఆయిల్ పడేది వేడి ఎగ్జాస్ట్ మీద. ఊడిపోయే అవకాశం తక్కువే కావచ్చు, ఊడితే జరిగేది మాత్రం ఇది. అరగంట పని, మూరెడు వైరుతో ఆ అవకాశాన్ని ఇంకా తగ్గించగలిగినప్పుడు ఎందుకు మానుకోవాలి?

అయితే వైరు పని ఏమిటో స్పష్టంగా మనసులో పెట్టుకోండి. ఎడ్లబండి ఇరుసు చివర కొట్టే చీల బరువు మోయదు, చక్రం జారిపోకుండా చూస్తుంది. వైరు కూడా అంతే. ఫిల్టర్‌ను పట్టుకునేది మర, ఆయిల్‌ను ఆపేది రబ్బరు. వైరు చేసేది ఫిల్టర్‌ను వెనక్కి తిరగనివ్వకపోవడం ఒక్కటే. పాత రబ్బరు కింద ఉండిపోయి దాని మీద కొత్తది కూర్చుంటే వైరు కాపాడదు. ప్రెషర్ రిలీఫ్ వాల్వు ఇరుక్కుని ప్రెషర్ హద్దు మీరితే కాపాడదు. నేను చూసిన ఆయిల్ లీకుల్లో, విన్నవాటిలో కూడా, ఫిల్టర్ తనంతట తాను తిరిగి వదులైనవి తక్కువ. రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడినవే ఎక్కువ. వైరు అందంగా కట్టి, కింద పాత రింగు వదిలేసిన ఇంజిన్ కంటే, వైరు లేకుండా శుభ్రంగా బిగించిన ఇంజిన్ వెనక కూర్చోవడానికే నేను ఇష్టపడతాను.

అందుకే బిగించే పద్ధతి. పాత ఫిల్టర్ తీయగానే దాని రబ్బరు దానికే ఉందా అని చూడండి. లేకపోతే అది మౌంట్‌కు అతుక్కుని ఉంటుంది. నల్లటి రబ్బరు, నల్లటి ఆయిల్, మసక వెలుతురు, కంటికి కనబడదు. వేలు పెట్టి గుండ్రంగా తడిమి చూడండి. మౌంట్ ముఖం నూలు పోగులు రాలని గుడ్డతో తుడవండి. కొత్త రబ్బరుకు కొత్త ఇంజిన్ ఆయిల్ పలచగా రాయండి. విమాన ఫిల్టర్లకైతే ఛాంపియన్ వాళ్లు డీసీ-4 అనే సిలికాన్ గ్రీజు రాయమంటారు, 16 నుంచి 18 ఫుట్ పౌండ్ల టార్క్ (తిప్పి బిగించే బలం) ఇస్తారు. ఆ టార్క్ అంకె తెచ్చి కారు ఫిల్టర్‌కు వాడకండి. కారు ఫిల్టర్‌కు దాని డబ్బా మీద రాసిన చుట్టే లెక్క. సాధారణంగా రబ్బరు ఆనాక ముప్పావు చుట్టు నుంచి ఒక చుట్టు అని రాస్తారు. ఆనిన చోట డబ్బా మీద, మౌంట్ మీద ఎదురెదురుగా గీత పెట్టుకుంటే ఎంత తిప్పారో తెలుస్తుంది. చేతి పట్టు బట్టి అంచనా వేయొద్దు. ఆయిల్ చేతులతో ఒకరికి గట్టిగా అనిపించింది ఇంకొకరికి వదులు.

రిమోట్ మౌంట్ పోస్టు కూడా ఒకసారి పట్టి చూడండి. పాత ఫిల్టర్ తీసేటప్పుడు ఫిల్టర్‌తో పాటు పోస్టు కూడా తిరిగి వచ్చేయడం మామూలే. అలా వచ్చిన పోస్టును మళ్లీ అలాగే తిప్పి పెట్టేస్తే, పోస్టు మౌంట్‌లో ఎంత లోతు పోయిందో మీకు తెలియదు. మరలు రెండు వైపులా శుభ్రం చేసి, వేడి ఆయిల్‌కు తట్టుకునే థ్రెడ్ లాకర్ మౌంట్ వైపు మర మీద మాత్రమే వేసి, కంపెనీ చెప్పినంత బిగించి, ఆరనివ్వండి. ఇంజిన్ మీదే ఫిల్టర్ ఉంచి ఆయిల్ కూలర్ కోసం శాండ్‌విచ్ ప్లేట్ (ఇంజిన్‌కూ ఫిల్టర్‌కూ మధ్య పెట్టే ప్లేటు) పెట్టేవాళ్లు ఈ సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. కూలర్ పైపుల బరువు ఆ ప్లేటును రోజూ అటూ ఇటూ తిప్పాలని చూస్తుంది. ఫిల్టర్‌కు వైరు కట్టి ప్లేటును వదిలేస్తే, ఫిల్టర్, ప్లేటు కలిసే తిరుగుతాయి. ఆ ప్లేటు తిరగకుండా విడిగా ఒక ఆపు ఉండాలి.

ఇక వెల్డింగ్. డబ్బా రేకు సుమారు అర మిల్లీమీటరు మందం. దాని మీద వెల్డ్ చేస్తే లోపల రబ్బరు వాల్వులు, కాగితం మడతలు పట్టుకునే జిగురు వేడికి పాడవుతాయి. వెల్డ్ అంచున రేకు పెళుసవుతుంది, వైబ్రేషన్‌లో పగులు మొదలయ్యేది అక్కడే. అది కళ్లకు కనబడదు. ఫ్యాక్టరీలోనే నట్టు పెట్టి, వైరుకు రంధ్రం చేసి అమ్మే ఫిల్టర్లు దొరుకుతాయి, కే అండ్ ఎన్ వాళ్ల మోడల్స్ చాలావాటికి అలా ఉంటుంది. మీ మరకు సరిపోయేది దొరికితే వాడొచ్చు, వైరు కట్టడం తేలికవుతుంది. అయినా ప్రతి తనిఖీలో ఆ నట్టు చుట్టూ తడి ఉందేమో చూడాలి. వైరు కట్టడానికి ఎపాక్సీ జిగురుతో చిన్న లోహపు చెవి అతికించేవాళ్లను కూడా చూశాను. వేడికీ ఆయిల్‌కూ ఏదో ఒకరోజు ఊడే అతుకుకు నా ఫిల్టర్‌ను అప్పజెప్పను.

హోస్ క్లాంప్ పద్ధతి కొత్తదేమీ కాదు. రేస్ ట్రాకుల్లో మోటార్ సైకిళ్లకు డ్రెయిన్ ప్లగ్గులు, ఆయిల్ ఫిల్టర్లు వైరు కట్టి ఉండాలని నిబంధనలు ఉంటాయి. అక్కడ ఫిల్టర్‌కు అందరూ చేసేది ఇదే. విమానానికి చేసేటప్పుడు నేను చూసుకునేవి చెప్తాను.

క్లాంప్ మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలి, స్క్రూతో సహా. చాలా చవక క్లాంప్‌లలో పట్టీ స్టెయిన్‌లెస్ ఉంటుంది, స్క్రూ మాత్రం తుప్పు పట్టేది. అయస్కాంతం పెట్టి చూస్తే కొంతవరకు తెలుస్తుంది. పట్టీలో చీలికలుగా కోసిన గళ్లు కాక, అచ్చు గుద్దిన గళ్లు ఉన్నది దొరికితే ఇంకా మంచిది, డబ్బాను గీరదు. క్లాంప్‌ను డబ్బా మధ్యలో వేయొద్దు, అక్కడ రేకు తేలిగ్గా నొక్కుకుపోతుంది. మౌంట్ వైపు, మడత అంచుకు కాస్త పైన వేయండి. అక్కడ లోపల దళసరి బేస్ ప్లేటు ఉండటం వల్ల డబ్బా గట్టిగా ఉంటుంది. అంచు మడత మీద మాత్రం ఎక్కించొద్దు. డబ్బాను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు ఒక్క పొర చుట్టి, దాని మీద క్లాంప్ బిగించండి. పెయింట్ గీసుకుపోదు, జారదు. క్లాంప్‌ను చేత్తో పట్టి తిప్పితే జారకూడదు, అంతవరకే బిగించాలి. స్క్రూ డ్రైవర్ విరిగేలా బిగించి డబ్బాను చొట్టపెట్టొద్దు. వైబ్రేషన్ వల్ల ఫిల్టర్‌ను వెనక్కి తిప్పే బలం చాలా చిన్నది, దాన్ని ఆపడానికి ఈ పట్టు చాలు.

వైరు 0.032 అంగుళాల స్టెయిన్‌లెస్, అంటే 0.8 మిల్లీమీటర్లు. రెండు పోగులుగా మెలేసి, అంగుళానికి 6 నుంచి 8 మెలికలు. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) వాళ్ల ఏసీ 43.13-1బి అనే మార్గదర్శక పుస్తకంలో సేఫ్టీ వైర్ భాగం బొమ్మలతో సహా ఉంటుంది, ఉచితంగా దొరుకుతుంది, ఒకసారి చదవండి. వైరును క్లాంప్ స్క్రూ ఉండే గూడు కింద నుంచి, పట్టీ చుట్టూ తీసుకురండి. స్క్రూ తలకు మాత్రమే కట్టొద్దు, స్క్రూ తిరిగితే అంతా పోతుంది.

దిశ విషయంలో చాలామంది తికమక పడతారు. ఫిల్టర్ మూసి ఉన్న చివర నుంచి చూస్తే, బిగుసుకునేది గడియారం ముల్లు తిరిగే వైపు. వైరు లాగినప్పుడు డబ్బా ఆ వైపే తిరగాలి. వైరు డబ్బా అంచును రాసుకుంటూ, దాని చుట్టుకొలతకు సూటిగా పక్కకు పోవాలి. డబ్బా మధ్య నుంచి నిటారుగా బయటికి పోయే వైరు చూడటానికి గట్టిగానే ఉంటుంది కానీ డబ్బాను ఎటువైపైనా కొంత తిరగనిస్తుంది. అందుకే క్లాంప్ గూడు ఎక్కడ ఉండాలో, రెండో చివర ఎక్కడ కట్టాలో ముందే పెన్సిల్‌తో గీసుకుని, ఆ తర్వాత క్లాంప్ బిగించండి.

రెండో చివర ఎక్కడ కట్టాలి? ఫిల్టర్ దేనికి బిగించి ఉందో దానికే. ఇది చాలా ముఖ్యం. ఫిల్టర్ ఇంజిన్ మీద ఉంటే ఇంజిన్ మీదే ఒక బోల్టుకో బ్రాకెట్‌కో కట్టాలి. ఇంజిన్ మౌంట్ గొట్టానికో ఫైర్‌వాల్‌కో కట్టకూడదు. ఇంజిన్ రబ్బరు మీద కూర్చుని స్టార్టింగ్, ఆపేటప్పుడు వేళ్లంత అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపుకు వైరు తెగుతుంది, లేదా క్లాంప్ జారుతుంది. మీ ఫిల్టర్ ఫైర్‌వాల్ మీద ఉంది కాబట్టి, మీ వైరు రెండో చివర ఆ రిమోట్ మౌంట్‌కే ఉండాలి. మౌంట్ బోల్టుల్లో ఒకదాని తలకు రంధ్రం ఉన్న బోల్టు పెట్టి దానికి కట్టండి. ఆ బోల్టు కూడా తిరగకుండా ఉంటుంది, రెండు పనులూ ఒక వైరుతో అవుతాయి. పైపును, కేబుల్‌ను, ఆయిల్ ఫిట్టింగును మాత్రం ఆధారంగా వాడకండి.

వైరును వీణ తీగలా బిగించాలని కొందరు అనుకుంటారు. అక్కర్లేదు. ముప్పావు చుట్టు బిగిస్తే రబ్బరు సుమారు 1.1 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. 80 మిల్లీమీటర్ల డబ్బా మీద వైరులో 6 మిల్లీమీటర్ల వదులు ఉన్నా ఫిల్టర్ వెనక్కి తిరగగలిగేది తొమ్మిది డిగ్రీలే, అంటే రబ్బరు ఒత్తిడిలో 0.04 మిల్లీమీటర్లు పోతుంది. లీకు రాదు. కానీ వదులు వైరు ఊగి ఊగి తనను తాను కోసుకుంటుంది కాబట్టి వదులు లేకుండా ఉండాలి. అతిగా లాగితే క్లాంప్ వంకరపోతుంది. రెంటికీ మధ్య, వేలితో మీటితే కదలనంత చాలు. చివర కొస వెనక్కి వంచి మడవండి, తర్వాత ఎవరి చేతికీ గుచ్చుకోకూడదు.

చివరగా ఒక గీత. టార్క్ మార్కింగ్ పెయింట్‌తో మౌంట్ నుంచి డబ్బా మీదుగా క్లాంప్ దాకా ఒకే గీత. నా లెక్కలో ఇది వైరుకు ఏమాత్రం తీసిపోదు. మౌంట్‌కూ డబ్బాకూ మధ్య గీత విరిగితే ఫిల్టర్ తిరుగుతోందని అర్థం. డబ్బాకూ క్లాంప్‌కూ మధ్య విరిగితే క్లాంప్ జారుతోంది. ఎగిరేముందు చేసే ప్రీఫ్లైట్ తనిఖీలో టార్చి వేసి ఒక్క చూపు చూస్తే తెలుస్తుంది. అందుకోసం కౌలింగ్‌లో ఆ గీత కనబడే చోట చిన్న తలుపు పెట్టుకోండి, ఇప్పుడే, పెయింట్ వేయకముందే.

క్రమం ఎలా ఉండాలంటే, ఫిల్టర్ బిగించాక ఇగ్నిషన్ ఆపి, గేజ్‌లో ప్రెషర్ కనబడేదాకా స్టార్టర్‌తో తిప్పండి. రిమోట్ ఫిల్టర్‌కు పైపుల నిండా గాలి ఉంటుంది కాబట్టి ఇది మీకు మరీ అవసరం. తర్వాత స్టార్ట్ చేసి ఆయిల్ వేడెక్కేదాకా నడిపి, ఆపి, తెల్ల కాగితం చుట్టూ తుడిచి తడి చూడండి. చల్లారాక ఫిల్టర్‌ను చేత్తో పట్టి చూడండి. అప్పుడు క్లాంప్, వైరు, గీత. వేడి మీద ఉన్న ఫిల్టర్‌ను మళ్లీ బిగించొద్దు. వైరు కట్టాక ఇంకోసారి స్టార్ట్ చేసి చూడండి. ఫిల్టర్ మార్చిన తర్వాత మొదటి ఫ్లైట్ ఎయిర్‌పోర్ట్ పైనే, రన్‌వే మీద దిగగలిగే దూరంలో, ఒక పావుగంట తిరిగి దిగి కౌలింగ్ తీసి చూడండి.

మీ రిమోట్ ఏర్పాటు మీద ఒక మాట. ఎగ్జాస్ట్ వేడి నుంచి తప్పించడానికి చేశారు, కారణం సరైనదే. ఈజే ఇంజిన్‌లో ఫిల్టర్ కింద, ఎగ్జాస్ట్ పైపుల మధ్య ఉంటుంది. కానీ ఒక్క రబ్బరు రింగు ఉన్న చోట ఇప్పుడు రెండు పైపులు, నాలుగు ఫిట్టింగులు, ఒక అడాప్టర్ వచ్చాయి. ఫిల్టర్‌కు వైరు కట్టి వీటిని మరిచిపోతే లాభం లేదు. పైపులు విమాన ఆయిల్‌కు తగినవి అయ్యుండాలి, పైన మంటను తట్టుకునే తొడుగు (ఫైర్ స్లీవ్) ఉండాలి, ఇంజిన్ ఊగినప్పుడు లాగబడనంత పొడవు ఉండాలి. మామూలు హోస్ క్లాంప్‌తో బిగించిన, ఊరికే లోపలికి తోసే (పుష్-ఆన్) పైపులు ప్రెషర్ వైపు వాడకండి. నా ఇష్టం అడిగితే, ఫిల్టర్‌ను ఇంజిన్ మీదే ఉంచి, ఎగ్జాస్ట్‌కూ దానికీ మధ్య స్టెయిన్‌లెస్ రేకు అడ్డుపెట్టి, పొట్టి డబ్బా ఫిల్టర్ వాడేవాణ్ని. పొట్టి డబ్బా వేలాడే బరువు తక్కువ, ఊపు తక్కువ. మీరు ఇప్పటికే మార్చేశారు కాబట్టి దాన్నే బాగా చేయండి, తిరగదోడమని చెప్పను.

అమెరికాలో అమెచ్యూర్ బిల్ట్, అంటే సొంతంగా కట్టుకున్న విమానానికి కారు ఫిల్టర్‌కు వైరు ఉండాలనే రూలు లేదు. ఎఫ్ఏఏ నిబంధన 21.191(జి) కింద మీకు సర్టిఫికెట్ ఇచ్చే ఇన్‌స్పెక్టర్ అడగవచ్చు, అడగకపోవచ్చు. సర్టిఫైడ్ ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ కాకపోతే టెస్ట్ ఫ్లయింగ్ గంటలు మామూలుగా 40. ఆ 40 గంటల్లో ఫిల్టర్‌ను మామూలు కంటే ముందే మార్చండి. నేనైతే మొదటి మార్పు 10 గంటలకు, తర్వాతిది 25కు చేస్తాను. లైకమింగ్ వాళ్లు ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కు 50 గంటలు లేదా నాలుగు నెలలు అంటారు. కొత్తగా కట్టిన కారు ఇంజిన్, అందులోనూ సీసం ఉన్న 100 ఎల్ఎల్ విమాన పెట్రోలు పోస్తే, అంతదాకా ఆగడం నాకిష్టం లేదు.

తీసిన ఫిల్టర్‌ను పారేయకండి. హ్యాక్‌సాతో కోయకుండా, ఫిల్టర్ కట్టర్‌తో తెరవండి, రంపం పొడి పడితే లోపల దొరికిన లోహం ఇంజిన్‌దో రంపానిదో తెలియదు. కాగితం విప్పి ఎండలో పరిచి చూడండి, అయస్కాంతం తిప్పండి. బేస్ ప్లేటు మరను కూడా అప్పుడే చూడండి. చుట్లు మెరుస్తూ, ఒకవైపు నలిగి, అంచులు పలచబడి ఉంటే మొదట చెప్పిన మర తేడా మీ దగ్గర ఉందని అర్థం. అలా కనబడితే కొత్త ఫిల్టర్ ఎక్కించకుండా ముందు పోస్టు కొలవండి.

పోస్టు కొలత, ఇప్పుడు వాడుతున్న ఫిల్టర్ నంబరు, మౌంట్ బోల్టులు కనబడేలా ఒక ఫోటో ఇక్కడ పెట్టండి. వైరు ఎటు నుంచి ఎటు పోవాలో ఫోటో మీదే గీసి ఇస్తాను. మీ చాప్టర్‌లో ఈఏఏ టెక్నికల్ కౌన్సెలర్ ఎవరైనా ఉంటే వైరు కట్టాక ఆయన్ను కూడా ఒకసారి పిలవండి, ఆ సేవకు వాళ్లు డబ్బు తీసుకోరు.